గాజుకుంట

చెరువుల మీద ప్రభుత్వానికి ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చిన ఏడాది అది. బస్సుల వెనకాల, పాల పాకెట్ల మీద, కరెంటు బిల్లుల అడుగున, ఎక్కడ చూసినా చెరువు బొమ్మే. ఉద్యోగులు చొక్కాకు నీలం బిళ్ల తగిలించుకోకుండా ఆఫీసు గడప తొక్కడానికి వీల్లేదు. బడిపిల్లలు ప్రార్థన అయ్యాక చెయ్యి చాచి చెరువు ప్రతిజ్ఞ చేసేవారు. ఆ ప్రేమకు ఒక చట్టం, ఆ చట్టానికి తటాక సంరక్షణ మండలి అని ఒక మండలి, ఆ మండలికి ఒక కమిషనరు, ఆ కమిషనరుకు ఒక కాన్వాయి ఏర్పాటయ్యాయి.

చట్టం రాసినవాళ్లు తెలివితక్కువ వాళ్లేం కాదు. పాత చట్టంలో ఇన్ని ఎకరాలకు తగ్గితే అది చెరువు కాదని ఒక ముక్క ఉండేది. ఆసాములు ఆ ముక్క పట్టుకుని చెరువును అంచుల నుంచి కొద్దికొద్దిగా పూడ్చి, కొలతకు దిగువకు తెచ్చి, ఇక ఇది చెరువు కాదు కదా అని మిగిలినదాన్ని కూడా దర్జాగా పూడ్చేసేవారు. అందుకని కొత్త చట్టంలో కొలతే ఎత్తేశారు. "సహజముగా నీరు చేరి, సంవత్సరము పొడుగునా ఎండక నిలిచియుండు ఏ తావైనను, పరిమాణముతో నిమిత్తము లేకుండా, చెరువుగా పరిగణింపబడును." సభలో ఈ వాక్యానికి బల్లలు చరిచారు. నిజం చెప్పాలంటే చరచదగ్గ వాక్యమే.

డాక్టర్ గాదె స్వరూపకు ఈ వాక్యం సంగతి తెలియదు. నగరం శివార్లలో, ఈదులచెరువు కట్టకు ఆనుకుని ఉన్న రసాయన పరిశోధనాలయంలో ఆమెది రెండో అంతస్తులో మూల గది. ఆ గదిలో, గాలి తగిలే చోట, బల్ల మీద ఒక గాజు సీసా. ఆ సీసాలో ఉన్నది ఉప్పు. నీళ్లలో కరిగించిన ఉప్పు కాదు, కొలిమిలో పెట్టి కరగబెట్టిందీ కాదు. మామూలు ఎండాకాలం గదిలోనే ద్రవంగా ఉండే ఉప్పు. చూడటానికి పల్చటి ఆముదంలా ఉంటుంది. శాస్త్రంలో దాన్ని అయానిక ద్రవం అంటారు. ఎంతైనా ఉప్పు ఉప్పే కాబట్టి, వానాకాలం వంటింట్లో ఉప్పు డబ్బా చెమర్చినట్టు, ఇదీ గాలిలోని చెమ్మను లాగుతుంది.

అలా లోపలికి పోయిన నీరు తన గుణాలన్నీ మరిచిపోతుంది. ఫ్రిజ్‌లో పెడితే గడ్డకట్టదు. రోహిణి కార్తె ఎండకు కూడా ఆవిరై పోదు. చుట్టూ ఉప్పు కణాలు కిక్కిరిసిన చోట, తనవాళ్లెవరూ పెద్దగా కనబడని చోట, నీరు ఏం చేస్తుంది? పదిమందీ ఒక మూల చేరతారా, లేక ఎవరికి వారు ఇరుక్కుపోయి ఒంటరిగా ఉంటారా? వెంట్రుకను లక్ష పాయలుగా చీలిస్తే వచ్చే పాయంత చోట్లో జరిగే సంగతి ఇది. ఈ ఒక్క ప్రశ్న మీద స్వరూప తల నెరిసింది. భర్త సత్యం మాస్టారు మంచివాడు కాబట్టి, "మీ నీళ్లు ఎట్లున్నయి?" అని రోజూ సాయంత్రం పరామర్శించేవాడు.

ఆ సంగతి తేల్చగల యంత్రం దేశం మొత్తానికి ఒక్కటే ఉంది, అదీ వేరే రాష్ట్రంలో. వంతు కోసం ఆమె మూడేళ్లు ఎదురుచూస్తే దీపావళి వెళ్లాక రమ్మని పిలుపొచ్చింది. వెళ్లేముందు చేయాల్సిన పని ఒకటుంది. సీసాలో ద్రవాన్ని పంపు పెట్టి పూర్తిగా ఎండబెట్టాలి. చుక్క తడి లేకుండా చేసి, అక్కడికి పోయాక కొలిచి కొలిచి నీరు కలిపితేనే లెక్క తేలుతుంది. ఎండబెట్టకుండా వెళ్లడం దండగ. ఈ వంతు తప్పితే మళ్లీ వంతు వచ్చేసరికి ఆమె రిటైరై ఉంటుంది.

కథ అడ్డం తిరిగింది డైరెక్టర్ చక్రపాణి గారి వల్ల. వార్షిక నివేదికలో ప్రతి ఒక్కరూ తమ పని గురించి సామాన్యులకు అర్థమయ్యే తెలుగులో నాలుగు ముక్కలు రాయాలని ఆయన సర్క్యులర్ ఇచ్చాడు. స్వరూప రాసింది: "గాలి నుంచి ఈ ద్రవంలో చేరిన నీరు కంటికి కనబడనంత చిన్న చిన్న కుంటలుగా నిలిచి ఉంటుందని మా అంచనా. నడి వేసవిలోనూ ఇది ఎండదు." రాసి, బాగానే వచ్చిందని సంతోషపడింది కూడా. నివేదికలు ఎవరూ చదవరని ఆమె నమ్మకం.

కానీ ఆ ఏడు మండలిలో ప్రతి అధికారికీ ఇన్ని కొత్త చెరువులు కనిపెట్టాలని టార్గెట్ ఉంది. తటాక తహసీల్దారు గోవర్ధన్ తన ఇలాకాలో ఉన్న చెరువులన్నీ, లేని చెరువులు కొన్నీ చూపించేసి, ఇక దొరకక దిక్కులు చూస్తున్నాడు. అటువంటి సమయంలో ఈ నివేదిక ఆయన కంటబడింది. మర్నాడే ఇద్దరు సర్వేయర్లతో, ఇనప గొలుసుతో, ఎర్ర రంగు డబ్బాతో స్వరూప గదికి వచ్చాడు.

"మేడం, నీళ్లు కుంటలుగ నిలుస్తున్నయని మీరే రాసిన్రు గద," అన్నాడు కూర్చుంటూనే.

"అది పోలిక సార్. జనానికి తెలియాలని అట్ల రాసిన."

"పోలికతోని మాకు పనిలేదు. కుంట అనుండ్రి, కుండ అనుండ్రి, మీ ఇష్టం. నేనడిగే మూడు ముచ్చట్లకు జవాబు చెప్పుండ్రి. సీసల నీళ్లున్నయా?"

"ఉన్నయి. వందకు ఒక వంతు."

"ఎవరన్న పోసిన్రా?"

"లేదు. గాలిలకెల్లి చేరినయి."

"అంటే సహజంగ. మరి మొన్నటి ఎండలకు ఎండినయా?"

స్వరూపకు అబద్ధమాడే అలవాటు లేదు. ఉంటే ఇంత కథ ఉండేది కాదు. "ఎండలేదు," అంది.

గోవర్ధన్ లేచి, నీలం బిళ్ల సర్దుకుని, సీసాకు నమస్కారం పెట్టాడు. ఆ తర్వాత ఆయన గొంతు మారిపోయింది. "ఇందుమూలముగా సదరు తావును చెరువుగా గుర్తించడమైనది. రికార్డు నిమిత్తము దీనికి గాజుకుంట అని నామకరణము చేయడమైనది. అభ్యంతరములున్నచో ముందుగానే తెలిపియుండవలెను."

సర్వేయరు కుంచె తీసి, ద్రవం ఎంతవరకుందో అంతవరకు సీసా చుట్టూ ఎర్ర గీత గీశాడు. అది పూర్తి నీటిమట్టం, అంటే ఎఫ్‌టీఎల్. కుంటకు చుట్టూ తొమ్మిది మీటర్లు బఫర్ జోన్ అని చట్టం. గొలుసు లాగితే స్వరూప బల్ల, బీరువా, పంపు, పక్క గదిలో ఆడవాళ్ల బాత్రూము సగం, గోడ అవతల డైరెక్టరు గది కొంత అందులోకి వచ్చాయి. డైరెక్టరు కుర్చీ నాలుగు కాళ్లలో రెండు బఫర్‌లో పడ్డాయి, రెండు బయట ఉన్నాయి. గోడల మీద ఎర్ర ఇంటూ గుర్తులు వేసి, ఇవన్నీ ఆక్రమణలని చెప్పి, టీ తాగి వెళ్లిపోయారు.

చక్రపాణి గారు మండిపడతాడని స్వరూప అనుకుంది. ఆయన కుర్చీని తనే వరండాలోకి లాక్కుని ముసిముసిగా నవ్వుతూ కూర్చున్నాడు. దేశంలో సొంత చెరువున్న ప్రయోగశాల మరొకటి లేదట. ఈసారి తటాకమిత్ర పురస్కారం మనకే అని మండలి నుంచి లోపాయికారీగా కబురు కూడా వచ్చిందట.

"సార్, నేను దాన్ని ఎండబెట్టాలె. లేకుంటే నా వంతు పోతది," అని స్వరూప చెప్పుకుంది.

డైరెక్టరు అటూ ఇటూ చూశాడు. "అమ్మా, నువ్వు చెరువును ఎండబెడతానంటున్నావు. ఆ మాట నాతో అన్నావు, నేను వినలేదు. ఇంకెక్కడా అనకు. తోడినా, పూడ్చినా, జరిపినా బెయిలు లేదు."

అయినా ఒకరోజు ధైర్యం చేసి పంపు దగ్గరికి వెళ్లి స్విచ్ మీద చెయ్యి వేసింది. తలుపు దగ్గర మండలి పెట్టిన కాపలావాడు గట్టిగా విజిల్ ఊదాడు. ఆ విజిల్‌కు ఆఫీసంతా పరిగెత్తుకొచ్చింది. స్వరూప ముప్పై ఏళ్లుగా వాడుతున్న పంపుకు ఆ పూటే సీలు పడింది. ఆమె బాత్రూములోకి వెళ్లి ఏడ్చింది, బఫర్‌లో పడని సగంలో నిలబడి.

తర్వాత ఒక్కొక్క శాఖే రావడం మొదలైంది. చెరువంటే చేపపిల్లలు వదలాలి కాబట్టి చేపల శాఖ వాళ్లు ఆక్సిజన్ నింపిన సంచులతో లారీ వేసుకుని వచ్చారు. సీసా మూతి చూసి ఇన్‌స్పెక్టరు కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత "వదలడమైనది, ఎదుగుదల పరిశీలనలో ఉన్నది" అని రాసుకుని లారీతో సహా వెళ్లిపోయాడు. ఆ చేపపిల్లలు ఎటు పోయాయో ఎవరూ అడగలేదు. పర్యాటక శాఖ బల్ల చుట్టూ రంగురాళ్లతో నడకదారి వేసి రెండు సిమెంటు బెంచీలు పెట్టింది. ఆ బెంచీల మీద కూర్చుని చెరువందాలు చూడటానికి ఆదివారాలు జనం కూడా వచ్చేవారు. ఒకాయన ఇక్కడ గాలి చల్లగా ఉందన్నాడు. గదికి ఏసీ ఉంది మరి.

ఈలోగా వానలు పట్టాయి. గాలిలో చెమ్మ పెరిగితే సీసా ఊరుకుంటుందా? తాగింది. ద్రవం మెల్లగా పైకి పాకి ఒక ఉదయం ఎర్ర గీతను దాటింది. కాపలావాడు చూసి ఫోన్ చేశాడు. గోవర్ధన్ పరుగున వచ్చి, ముక్కు సీసాకు ఆనించి చూసి, "నిండింది! గాజుకుంట నిండింది!" అని కేకేశాడు. ఆయన కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. ఇరవై ఏళ్ల నౌకరీలో ఆయన చూసిన మొదటి నిండు చెరువు అదే.

చెరువు నిండితే గంగమ్మకు పసుపు కుంకుమ, చీర సారె పెట్టడం మన దగ్గర ఆనవాయితీ. కాబట్టి జలహారతికి కమిషనర్ ముకుందరావు గారు స్వయంగా విచ్చేశారు. డప్పులు రెండో అంతస్తు దాకా వచ్చాయి. కమిషనరు గారు ఆకుపచ్చ పట్టుచీరను సీసాకు చుడితే సీసా కనబడకుండా పోయింది. ఫొటోల కోసం చీర విప్పి, మళ్లీ సన్నగా మడిచి సీసా మెడలో వేశారు. స్వరూప ఒక మూల నిలబడి, దీపావళికి ఇంకా ఎన్నాళ్లుందో మనసులో లెక్క వేసుకుంటోంది.

హారతి అయ్యాక కమిషనరు ఆమె వైపు తిరిగి మర్యాదకు ఒక మాట అడిగాడు. "ఈ గాజుకుంట లోపల మళ్లీ చిన్న కుంటలున్నాయని రాశారట. అవి ఎన్ని ఉంటాయమ్మా?"

"నా అంచనా నిజమైతే, ఒక్కో దాంట్లో పది నీటి కణాలు అనుకుంటే... ఒకటి పక్కన ఇరవై రెండు సున్నాలు సార్."

కమిషనరు చేతిలో హారతి పళ్లెం అలాగే నిలబడిపోయింది. ఆయన పెదవులు కదులుతున్నాయి, సున్నాలు లెక్కపెట్టుకుంటున్నాడు. సాయంత్రం స్వరూపను మండలి ఆఫీసుకు రమ్మని కారు పంపాడు.

మండలి ఆఫీసు అద్దె కొంపలో ఉంది. కమిషనరు మొదట దాన్నే చూపించి బాధపడ్డాడు. "రాష్ట్రంలోని చెరువులన్నిటికీ గొడుగు పట్టే సంస్థకు తలదాచుకోను చోటు లేదమ్మా. తటాక భవన్ కట్టాలని సంకల్పం. స్థలం కోసం వెదకగా వెదకగా, విశాలంగా, చదునుగా, రోడ్డు పక్కన, ఎవరి పట్టా లేని స్థలం ఒకే ఒకటి దొరికింది."

"ఎక్కడ సార్?"

"ఈదులచెరువు."

స్వరూప రోజూ బస్సు దిగి ఆ కట్ట మీద నడుచుకుంటూనే ఆఫీసుకు పోతుంది. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క పాలకూర, కొత్తిమీర మడులు. ఆఫీసు అటెండరు ఓదెలు భార్య పోశవ్వకు అక్కడ రెండు మడులున్నాయి. "అది చెరువు కద సార్!" అంది.

"చెరువే. కాదనడానికి మేమెవరం? కాబట్టే చట్టప్రకారం పోతున్నాం. పన్నెండో సెక్షన్. ప్రజాప్రయోజనార్థం ఒక చెరువు అంతరించిన పక్షంలో, అందుకు ప్రతిగా రెండు చెరువులు చూపవలెను. రెండు చూపమని చట్టం అడుగుతోంది. మీ సీసాలో..." ఆయన ఆగి, గొంతు తగ్గించాడు. "రాష్ట్రంలో ఉన్నవన్నీ అంతరించినా ఇంకా మిగిలే ఉంటాయి కదా?"

కమిషనరు ఒక కాగితం ముందుకు జరిపాడు. గాజుకుంటలో ఇన్ని నీటి తావులున్నవని శాస్త్రవేత్త హోదాలో ధ్రువీకరిస్తున్నాను, అని ఉంది. సున్నాలు సరిగ్గా వేశారు.

"మీ ఇబ్బంది కూడా నాకు తెలుసు," అన్నాడాయన. "చెరువును ఎండబెట్టడం నేరం. కానీ పూడిక తీసుకోవడం నేరం కాదు. పూడిక తీసి బయటికి తోలుకుపోవడానికి నేనే అనుమతి ఇస్తాను. సీసాలో సగం పూడిక అనుకోండి. పంపుకు సీలు కూడా తీయిస్తాను. దాన్ని మీరు ఎండబెట్టుకుంటారో, యంత్రంలో పెట్టుకుంటారో మీ ఇష్టం."

ఆమె ఆ కాగితాన్ని మూడుసార్లు చదివింది. అందులో అబద్ధం వెదికింది. అది ఆమె రాసిన మాటే, ఆమె వేసిన లెక్కే. ఈదులచెరువు ఎలాగూ సగం కబ్జా అయింది, ఇవ్వాళ కాకపోతే రేపు పోయేదే, అని తనకు తాను చెప్పుకుంది. తడుముకోకుండా సంతకం పెట్టేసింది. అదే ఆమెకు తర్వాత ఎక్కువ సిగ్గనిపించింది.

దీపావళి వెళ్లాక, చుక్క తడి లేకుండా ఎండిన సగం సీసా ఒళ్లో పెట్టుకుని రైలెక్కింది. టికెట్ కలెక్టరు అదేమిటని అడిగితే చెరువు పూడిక అని పర్మిట్ చూపించింది. ఆయన పర్మిట్ చదివి, సీసా చూసి, ఆమె ముఖం చూసి, పక్క పెట్టెలోకి వెళ్లిపోయాడు.

యంత్రం దగ్గర ఆమె ఎండిన ద్రవానికి కొలిచి కొలిచి నీరు కలుపుతూ, ప్రతిసారీ ఫలితం తెర మీద చూసింది. కుంట కోసం ఎదురుచూసింది. రాలేదు. ఇంకొంచెం కలిపింది. రాలేదు. గాజుకుంటలో ఎంత నీరుందో అంతదాకా కలిపినా పదిమంది కాదు కదా, ఇద్దరు నీటి కణాలు కూడా ఒకచోట చేరలేదు. ఒక్కొక్కటీ అటొక ఉప్పు కణం, ఇటొక ఉప్పు కణం చెరో చెయ్యి పట్టుకుంటే మధ్యలో చిక్కుకుని ఉంది. గడ్డకట్టాలన్నా పక్కన ఇంకో నీరు ఉండాలి కదా, అందుకే గడ్డకట్టడం లేదు. ఆవిరవుదామంటే చేతులు వదలరు. ఇన్నేళ్ల ప్రశ్నకు జవాబు ఎదురుగా కనబడుతుంటే స్వరూప సంతోషంతో ఎవరికి చెప్పాలో తెలియక సత్యం మాస్టారికి ఫోన్ చేసింది. "నీళ్లు ఒంటరిగున్నయండి," అంది. ఆయన, "అయ్యో," అన్నాడు.

ఫోన్ పెట్టేశాక రెండో సంగతి తట్టింది. కుంటలు లేవు. తన అంచనా తప్పు. అంచనా తప్పయితే ఆ కాగితం తప్పు, ఆ కాగితం తప్పయితే ఈదులచెరువు పూడ్చడానికి వీల్లేదు. తన తప్పు తేలినందుకు ఒక శాస్త్రవేత్త అంత సంబరపడటం ఎక్కడా చూడం.

తిరిగొచ్చేసరికి ఈదులచెరువు అలుగు వైపు సగం మట్టితో నిండి ఉంది. లారీలు వరసగా వస్తున్నాయి. లారీల ముందు నీలం జెండాలు. తన గదిలోకి వెళ్తే సీసా పక్కన పసుపు పూసిన రాయి ఒకటి, దాని ముందు నిమ్మకాయలు. అటెండరు ఓదెలు గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉన్నాడు.

"ఇదేంది ఓదెలూ?"

"కట్టమైసమ్మ తల్లమ్మా. కట్ట తవ్వుతున్నమన్నరు. చెర్వు ఏడికి పోతే తల్లి ఆడికే పోవాల్నట. చెర్వు గీ సీసలకు బదిలైందని కాయిదం సూపెట్టి, ఆల్లే తెచ్చి ఈడ పెట్టిపోయిన్రు."

"పోశవ్వ మడులు?"

"గవి గూడ బదిలైనయి. గాజుకుంట ఆయకట్టు అని పట్టా ఇచ్చిన్రు." ఓదెలు జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి చూపించి, మళ్లీ పెట్టుకున్నాడు. "గీ సీసల నీళ్లతోని పాలకూర పండిచ్చుకోవాల్నట. పోశవ్వ నిన్నటిసంది ఏమీ తింటలేదమ్మా. మీరు పెద్ద సదువు సదివినోల్లు, జెర చెప్పరాదుండ్రి."

సంతకం ఎవరిదో ఓదెలుకు తెలుసో తెలియదో స్వరూపకు అర్థం కాలేదు. అడిగే ధైర్యం లేకపోయింది. "చెప్త. తప్పకుండ చెప్త. మిగిలిన సగమన్న ఆపుదాం," అంది.

ఒట్టి మాటలు మండలి దగ్గర పనికిరావని ఆమెకు తెలిసొచ్చింది కాబట్టి పేపరు రాసింది. తిండీ నిద్రా సరిగా లేకుండా, జీవితంలో ఎన్నడూ రాయనంత వేగంగా, ఎన్నడూ రాయనంత పకడ్బందీగా రాసింది. ఎక్కడా సందు వదలలేదు. పెద్ద పేరున్న పత్రిక దాన్ని మారుమాట లేకుండా అచ్చేసింది. దేశదేశాల నుంచి మెచ్చుకోళ్లు వచ్చాయి. ఆమె వాటికి జవాబులు కూడా రాయకుండా పేపరు తీసుకుని కమిషనరు దగ్గరికి పరిగెత్తింది. దారిలో చూస్తే చెరువు పావు వంతు మిగిలి ఉంది. ఆ పావులో కొంగలన్నీ కిక్కిరిసి నిలబడ్డాయి.

కమిషనరు గదిలో గోవర్ధన్ కూడా ఉన్నాడు. స్వరూప కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టింది. "సార్, నా అంచనా తప్పని తేలింది. గాజుకుంటల కుంటలు లెవ్వు. ఒక్కటి గూడ లేదు. పూడ్చుడు ఆపాలె."

కమిషనరు కంగారుపడలేదు. పేపరు తీసుకుని, బొమ్మలు చూసి, నెమ్మదిగా అడిగాడు. "కుంటలు లేకపోతే నీరెక్కడికి పోయిందమ్మా?"

"నీరున్నది సార్. కానీ పది కణాలు కలిసి లెవ్వు. దేనికదే విడిగ ఉన్నది."

"ఆ ఒక్క కణం నీరేనా?"

"నీరే."

"ఎవరైనా పోశారా?"

స్వరూపకు ఆ ప్రశ్న ఎక్కడికి పోతోందో అప్పుడు అర్థమైంది. గోవర్ధన్ ఆమె బదులు చెప్పాడు. "పోయలేదు సార్, సహజంగనే చేరింది. ఎండాకాలంల గూడ ఎండలే. మేడమే చెప్పిన్రు."

"పరిమాణముతో..." అన్నాడు కమిషనరు.

"...నిమిత్తము లేకుండా," అన్నాడు తహసీల్దారు.

కమిషనరు పెన్ను తీసి, పాత ధ్రువీకరణ కాగితం ముందు పెట్టుకుని, సున్నాల వరస చివర ఇంకో సున్నా చేర్చాడు. చాలా అందంగా, గుండ్రంగా వేశాడు. "పదింతలైంది. జిల్లాల నుంచి భవనాల ప్రతిపాదనలు ఏమైనా ఆగి ఉన్నాయా?"

"అన్ని జిల్లాలవి ఉన్నయ్ సార్."

"అన్నీ కదిలించండి."

స్వరూప బల్ల మీదికి వంగింది. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినబడింది. "నేను సంతకం పెట్ట. ఈసారి చచ్చినా పెట్ట. నా సంతకం లేంది ఆ కాయిదం చెల్లదు."

కమిషనరు ఆమెను జాలిగా చూశాడు. ఆ జాలిలో నటనేమీ లేదు. "సంతకం అక్కర్లేదమ్మా. అప్పుడది మీ అంచనా. అంచనాకైతే బాధ్యులు ఉండాలి కాబట్టి సంతకం అడిగాం. ఇప్పుడిది రుజువైంది."

రుజువైంది అనే ఆ ఒక్క మాట ఎవరి నోటైనా వినాలని స్వరూప తల నెరిసేదాకా ఎదురుచూసింది. అది విని కుర్చీలో కూర్చుండిపోయింది.